మెరూన్ అన్నాను

మార్చి 4, మంగళవారం

మూడో హాల్లో పెద్ద బొమ్మకి దెబ్బ తగిలింది. ఓడ ఎక్కుతున్న జనం బొమ్మ. కింద కుడి మూలలో బొటనవేలి గోరంత రంగు పెచ్చు ఊడి నేల మీద పడింది. సాయంత్రం నాలుగింటికి నేనే చూశాను. చూసి మ్యూజియం పెద్దసారుకి నేనే ఫోన్ చేశాను.

మ్యూజియంలో ఫొటోలు తీసేది నేనే కనుక, మధ్యాహ్నం ఆ గోడ మీద ఎండ ఎంతసేపు పడుతుందో చూసి చెప్పమని ఆయన పోయిన వారమే అడిగారు. మామూలు కెమెరా రిపేరుకి పోయింది కనుక దెయ్యాన్ని, అదే నా రెండో కెమెరాని, పెట్టాను. రెండు నిమిషాలకో ఫొటో దానంతటదే తీసుకునేలా స్టాండు మీద బిగించి, ఎండని పోల్చుకోవడానికి పక్కన ఒక దీపం వెలిగించి, టీ తాగడానికి వెళ్లాను. అరగంట. అంతే.

ఫొటోలు వరసగా చూస్తే 3:40కి పెచ్చు ఉంది. 3:44కి లేదు. 3:42 ఫొటోలో మూలన ఒక భుజం, ఒక చెయ్యి ఉన్నాయి. కదిలిపోయి మసకగా ఉన్నాయి. మొహం పడలేదు.

ఫైలు తెరవగానే అంతా గులాబిరంగు. దెయ్యం తీసిన ఫైళ్లు మొదట అలాగే ఉంటాయి. నా కుర్చీ వెనక పెద్దసారు, ఆఫీసు క్లర్కు, ఆ హాలు కాపలా బాబాయి నిలబడి ఉన్నారు. "ఇదేంటమ్మా, బొమ్మకి జ్వరం వచ్చినట్టుంది?" అన్నారు పెద్దసారు. ఆ గోడ బూడిదరంగని నాకు తెలుసు కదా, సాఫ్ట్‌వేర్‌లో గోడ మీద ఒక్క నొక్కు నొక్కాను. గోడ గోడలా, చట్రం చట్రంలా అయిపోయాయి. ఆ చేతి మీది గుడ్డ మెరూన్ అయింది.

"ఇది ఏ రంగమ్మా?" అని అడిగారు.

"మెరూన్ సార్."

మా కాపలావాళ్ల చొక్కాలు మెరూన్. ఆ హాల్లో మధ్యాహ్నం డ్యూటీ బాబాయిది ఒక్కడిదే. ఆయన తన చేతి వంక చూసుకున్నాడు, తెర వంక చూశాడు, మళ్లీ చేతి వంక చూసుకున్నాడు. "నేనా గోడ దగ్గరికే పోలేదు సార్," అన్నాడు.

"తగిలితే తగిలిందని చెప్పొచ్చు కదయ్యా. ఇన్నేళ్ల సర్వీసు పెట్టుకుని అబద్ధమెందుకు?" అన్నారు పెద్దసారు. అరవలేదు. అరిచినా బాగుండేది.

తలనొప్పిగా ఉంది. ఇక రాయను.

మార్చి 5, బుధవారం

విచారణ తేలేదాకా బాబాయిని ఇంటి దగ్గరే ఉండమన్నారట. రిటైరవడానికి ఇంకా ఎనిమిది నెలలుంది.

మార్చి 7, శుక్రవారం

మూడో హాల్లో వేరే మనిషిని వేశారు. ఫోన్ చూసుకుంటూ కూచుంటాడు. బాబాయి అయితే నేను గుమ్మం దాటగానే "ఏమ్మాయ్, ఇవాళ ఎవరి మొహానికి ఫొటో?" అనేవాడు. బొమ్మలో జనానికి ఆయన పెట్టిన పేర్లున్నాయి. మూట నెత్తిన పెట్టుకున్నావిడ పేరు గయ్యాళక్క. ఊడిన పెచ్చు ఆవిడ కాలిదే.

నేనేం బాబాయి పేరు చెప్పలేదు. రంగు అడిగారు, రంగు చెప్పాను. సాఫ్ట్‌వేర్ చూపించింది చదివాను. ఇందులో నా తప్పేముంది?

అసలు సంగతి మొదట్నుంచీ చెప్పుకుంటే మనసు కుదుటపడుతుందేమో చూద్దాం. కెమెరాలో వెలుగు పట్టే సెన్సర్‌కి రంగులు తెలియవు. వెలుగు ఎంత పడిందో మాత్రమే తెలుసు. దాని మీద ఎర్రవి, పచ్చవి, నీలానివి చిన్నచిన్న గళ్లు పరిచి ఉంటాయి. ఏ గడిలోంచి ఎంత వెలుగు వచ్చిందో ఆ అంకెలే కెమెరా దాచే ముడి ఫైల్లో పడతాయి. ఆ అంకెల్ని రంగులుగా మార్చేది సాఫ్ట్‌వేర్. ఫలానా కెమెరాలో ఫలానా అంకెలు వస్తే అది ఫలానా రంగు అని, ఒక్కో కెమెరాకి ఒక్కో పట్టిక దాని దగ్గర ఉంటుంది. ఫైలు మీద కెమెరా పేరు చూస్తుంది, ఆ పేరు గల పట్టిక తీస్తుంది, లెక్క కట్టేస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఈ పని చేస్తున్నాను, ఈ మాట నిద్రలో అడిగినా చెబుతాను.

దెయ్యం సంగతి వేరు. పాత బొమ్మల్లో రంగు కింద దాగిన పెన్సిలు గీతలు కనబడాలంటే కంటికి కనపడని పరారుణ కిరణాలు కావాలి. మామూలు కెమెరాల్లో వాటిని రానివ్వకుండా సెన్సర్ ముందు ఒక అద్దం ఉంటుంది. దెయ్యానికి ఆ అద్దం పీకించేశాం. కంటికి కనపడనిది కూడా చూస్తుంది కనుక దెయ్యం అని పేరు పెట్టాను. దాని ఫైలు మీద మాత్రం కంపెనీవాడు పెట్టిన పాత పేరే ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌కి అద్దం పోయిన సంగతి ఎవరు చెబుతారు? పాత పట్టికే తీస్తుంది. "నాకు తెలియదు" అని ఏనాడూ అనదు. ఏదో ఒక రంగు చూపిస్తుంది.

అందుకే గీతల పనికి తప్ప రంగుల పనికి దెయ్యాన్ని వాడం.

ఆ సంగతి ఆ రోజు నాకు గుర్తు రాలేదు.

మార్చి 8, శనివారం

గుర్తు రాలేదు. వెనక అంతమంది నిలబడితే ఎవరికి గుర్తొస్తుంది?

మార్చి 10, సోమవారం

మా ఆయన పొద్దున్నే దండెం దగ్గర నిలబడి నా కోటు పట్టుకుని చూస్తున్నాడు. ఫొటో తీసేటప్పుడు అద్దాల్లో మా నీడ పడకూడదని నేనూ డాక్టరమ్మా నల్లకోట్లు వేసుకుంటాం. డాక్టరమ్మ అంటే దెబ్బ తిన్న బొమ్మలకి వైద్యం చేసేది. రెండు కోట్లూ మా ఆయన కుట్టినవే. దర్జీ మొగుడున్నందుకు నాకు దక్కిన ఒకే ఒక లాభం అది.

"ఏమోయ్, నీ కోటు ఎరుపు కొడుతోంది చూశావా?" అన్నాడు.

"నల్లకోటు ఎరుపు కొట్టడమేంటండీ?"

"ఎండలో పట్టుకుని చూడు. నలుపులన్నీ ఒకటనుకున్నావా? ఒకటి నీలం కొడుతుంది, ఒకటి ఆకుపచ్చ కొడుతుంది. ఈ పాలిస్టరు ఎరుపు కొడుతుంది. నూలుగుడ్డ తీసుకోవే అని అప్పుడే మొత్తుకున్నాను. నలగదు, ఇస్త్రీ అక్కర్లేదు అన్నావు."

"మీ మిషనేదో మీరు కుట్టుకోండి. నా కోటు జోలికి రాకండి," అని చేతిలోంచి లాక్కున్నాను. ఆయన తెల్లబోయాడు. ఇరవై ఏళ్ల కాపురంలో ఒక గుడ్డముక్క కోసం నేను అరవడం ఇదే మొదలు. పొద్దున్న టిఫిను డబ్బా మర్చిపోయి వెళ్లాను. మధ్యాహ్నం ఆయనే తెచ్చి గేటు దగ్గర ఇచ్చి వెళ్లాడు.

మార్చి 11, మంగళవారం

కోటు వేసుకోలేదు. ఉక్కగా ఉందని చెప్పాను.

మార్చి 14, శుక్రవారం

మందుల షాపు దగ్గర పిన్ని కనబడింది. బాబాయి భార్య. చేతిలో డాక్టరు చీటీ ఉంది. తప్పించుకుని పోదామనుకున్నాను, ఆవిడే చెయ్యి పట్టుకుంది.

"మీ బాబాయికి మతిమరుపు వచ్చిందమ్మా," అంది.

"ఎవరన్నారు పిన్నీ?"

"ఎవరో అనడమేంటి, ఆయనే అన్నాడు. నేనా గోడ దగ్గరికి పోలేదనే నాకు గుర్తు, పోయానని ఫొటోలో ఉంది, ఫొటో ఎందుకు అబద్ధం చెబుతుందే, నా బుర్రే అబద్ధం చెబుతోంది అన్నాడు. అప్పట్నుంచీ అదే ధ్యాస. తలుపు వేశానా లేదా అని నాలుగుసార్లు చూస్తాడు. మాత్ర వేసుకున్నానా అని నన్నడుగుతాడు. వేసుకున్నావయ్యా అంటే నీకెలా తెలుసు, నువ్వు చూశావా అంటాడు."

"డాక్టరేమన్నారు?"

"ఏవో ప్రశ్నలడిగాడు. అన్నీ సరిగానే చెప్పాడు. బాగానే ఉన్నారు పెద్దాయనా అంటే నమ్మడే! బయటికొచ్చి, ఈ డాక్టరుకి ఫొటో సంగతి తెలియదు కదే అన్నాడు." ఆవిడ నవ్వబోయి ఏడ్చింది. "మనవరాల్ని బడికి దింపి రావడం కూడా మానేశాడమ్మా. రోజూ దాని చెయ్యి పట్టుకుని వెళ్లేవాడు కదా. దార్లో ఎక్కడైనా మర్చిపోయి వచ్చేస్తానేమో, నావల్ల కాదు అంటున్నాడు. అది గుమ్మంలో నిలబడి తాతా తాతా అని ఏడుస్తుంటే ఈయన లోపల తలుపేసుకుని కూచున్నాడు."

"అంతా సర్దుకుంటుంది పిన్నీ," అన్నాను.

"నువ్వన్నావంటే సర్దుకుంటుందిలే తల్లీ. మా ఇంట్లో నీ మాటంటే గురి," అంది.

ఈ మాట రాయడానికి మూడుసార్లు పెన్ను కింద పెట్టాను.

మార్చి 16, ఆదివారం

అలమరాలన్నీ దులిపాను. మా ఆయన "ఎవరైనా చుట్టాలొస్తున్నారా?" అని అడిగాడు.

మార్చి 17, సోమవారం

పరీక్ష చేశాను. దానికి ఇన్నాళ్లు ఎందుకు పట్టిందని ఎవరూ అడక్కుండా ఉంటే బాగుండు.

స్టోర్లోంచి కాపలావాళ్ల చొక్కా ఒకటి అడిగి తెచ్చాను. దాన్నీ నా కోటునూ మూడో హాల్లో పక్కపక్కన రెండు కుర్చీలకి తగిలించాను. అదే ఎండ వేళ, అదే దీపం, అదే చోట స్టాండు, దాని మీద దెయ్యం. కొత్తగా వచ్చిన కాపలా ఆయన ఫోన్లోంచి తలెత్తి, "కోట్లకి కూడా ఫొటోలేంటండీ, పెళ్లిచూపులా?" అన్నాడు. మంచివాడే పాపం. నాకే ఎవరి మాటా రుచించడం లేదు.

పైకెళ్లి ఫైలు తెరిచాను. అంతా గులాబిరంగు. గోడ మీద నొక్కాను. గోడ బూడిదరంగైంది.

నా నల్లకోటు మెరూన్‌గా వచ్చింది. చక్కటి ముదురు మెరూన్. అచ్చం ఆ ఫొటోలోని చెయ్యే. ఈ పాలిస్టరు నలుపు పరారుణాన్ని తిప్పికొడుతుంది, దెయ్యం ఆ వెలుగుని ఎరుపు గళ్లలో వేసుకుంటుంది.

కాపలావాళ్ల మెరూన్ చొక్కా పాలిపోయిన ఇటుకరంగులో వచ్చింది. దాన్ని చూసి మెరూన్ అని ఏ గుడ్డివాడూ అనడు. అంటే ఆ రోజు ఆ గోడ దగ్గరికి నిజంగా బాబాయే వెళ్లుంటే ఆ చెయ్యి ఇటుకరంగులో పడాలి. మెరూన్ పడిందంటేనే అది మెరూన్ చొక్కా కాదన్నమాట.

సాఫ్ట్‌వేర్ తప్పేమోనని ఇంకో సాఫ్ట్‌వేర్‌లో తెరిచాను. ఆ ఉచితంగా దొరికేది, అంకెలు కూడా చూపిస్తుంది. రంగు కాస్త అటూ ఇటూ అయింది కానీ కోటు ఎరుపులోనే ఉంది, చొక్కా ఇటుకలోనే ఉంది. రెండూ కెమెరా పేరు చూసే లెక్క కట్టాయి. నేనే కూచుని రంగుల నమూనా అట్ట ముందు పెట్టి దెయ్యానికి సొంత పట్టిక తయారు చేశాను. అప్పుడు కూడా కోటు నలుపు కాలేదు. అవదు కూడా. కనిపించే వెలుగూ కనిపించని వెలుగూ కలిసి ఒకే అంకెలో పడ్డాక ఇందులో ఇదెంత, అదెంత అని విడదీయడం ఏ పట్టిక తరమూ కాదు. గోడా చట్రమూ సరిగ్గా వచ్చాయి కదా అని చెయ్యి కూడా సరిగ్గానే వచ్చిందని నమ్మించేస్తుంది, అదీ దాని మాయ.

పరీక్ష తప్పాలని చేశాను. తప్పలేదు.

మార్చి 18, మంగళవారం

మ్యూజియంలో నల్లకోట్లు రెండే. ఒకటి నాది, ఇంకొకటి డాక్టరమ్మది.

మధ్యాహ్నం డాక్టరమ్మ గదికి వెళ్లాను. ఊడిన పెచ్చుని సన్నటి కుంచెతో మళ్లీ అతికించే పనిలో ఉంది. "ఆ రోజు నువ్వు మూడో హాల్లోకి వెళ్లావా?" అని మామూలుగా అడిగినట్టు అడిగాను.

"ఏ రోజు?"

"నాలుగో తారీకు."

ఆవిడ కుంచె పక్కన పెట్టింది. "నాలుగో తారీకు నేను ఊళ్లోనే లేను. మా చెల్లి కూతురి పరీక్షలకని మూడు రోజులు సెలవు పెట్టి వెళ్లాను. సెలవు చీటీ మీద నీ చేతే సంతకం పెట్టించుకున్నాను, నా బదులు చూసుకుంటానని. మర్చిపోయావా?"

"అవునవును, మర్చిపోయాను."

"నువ్వు మర్చిపోవడమా? చోద్యంగా ఉందే!" అని నా మొహంలోకి చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

సరే. రాస్తాను.

టీ దగ్గర కూచున్నాక దీపం కాస్త వంకరగా పెట్టానేమోనని అనుమానం వచ్చింది. మళ్లీ హాల్లోకి వెళ్లాను. దీపం స్టాండు జరిపాను. జరిపేటప్పుడు మోచేతికి ఏదో గరుగ్గా తగిలింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూసుంటే అప్పుడే కనబడేది. టీ చల్లారిపోతుందని వచ్చేశాను.

సాయంత్రం ఫైలు తెరిచినప్పుడు, గోడ మీద ఇంకా నొక్కకముందే, ఆ భుజం చూడగానే నాకు తెలుసు. నా భుజం నాకు తెలియదా? గోడ మీద నొక్కాను, అది మెరూన్ అయింది. అప్పుడు ప్రాణం లేచొచ్చింది. ఇదిగో, ఇది రాయడానికే ఇన్నాళ్లు పట్టింది. నా కుర్చీ వెనక ఒక మనిషి మెరూన్ చొక్కాలో నిలబడి ఉన్నాడు, నాకు ప్రాణం లేచొచ్చింది.

అద్దం సంగతి గుర్తు రాలేదని పైన రెండుసార్లు రాశాను. అబద్ధం. మా ఆయన కూడా ముట్టుకోని పుస్తకంలో ఎవరిని నమ్మించాలని రాశానో!

మార్చి 19, బుధవారం

పెద్దసారు ఊళ్లో లేరు.

మార్చి 20, గురువారం

పెద్దసారు వచ్చారు. మీటింగుల్లో ఉన్నారు.

మార్చి 21, శుక్రవారం

మీటింగులు లేవు. నాకే కడుపునొప్పి. సిగ్గులేని కడుపు, మధ్యాహ్నం మాత్రం శుభ్రంగా తింది.

మార్చి 24, సోమవారం

మా ఆయనకి చెప్పేశాను. కాలరు కుడుతున్నాడు, మిషన్ ఆపలేదు. నేను చెప్పడం అయ్యేసరికి కాలరు కుట్టడం కూడా అయింది. దారం కొరికి, దాన్ని దీపానికి ఎదురుగా పట్టుకుని చూశాడు.

"నన్ను తిట్టండి," అన్నాను.

"నిన్ను తిడితే ఆయన లేచి మనవరాల్ని బడికి తీసుకెళ్తాడా?"

"ఏం చెయ్యమంటారు మరి?"

"ముందు ఆయన దగ్గరికి వెళ్లు. మీ పెద్దసారు దగ్గరికి తర్వాత. ఉద్యోగమంటే ఆఫీసువాళ్లు మళ్లీ ఇస్తారు. ఆయన బుర్ర బాగానే ఉందని చెప్పాల్సిందానివి మాత్రం నువ్వే కదా."

"ఉద్యోగం పోతుందేమో నాకు."

"పోతే ఇంట్లో కూచుని గుండీలు కుట్టు. నీ పని ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి జీతం మాత్రం ఇవ్వను," అన్నాడు. అప్పుడు చూస్తే ఆయనకి సూదిలో దారం ఎక్కడం లేదు. నేను ఎక్కించి ఇచ్చాను.

మార్చి 25, మంగళవారం

ముందు పెద్దసారు దగ్గరికే వెళ్లాను. ఎందుకంటే అక్కడ మాట్లాడాల్సింది కెమెరా గురించి. కెమెరా గురించి మాట్లాడటం నాకు సులువు.

రెండు కుర్చీల ఫొటో బల్ల మీద పెట్టి అంతా వివరించాను. ఆయన తెలివైనవాడు, చప్పున పట్టేసుకున్నారు. "అంటే ఇటుకరంగులో ఉన్నది మెరూన్, మెరూన్‌గా ఉన్నది నలుపు. అంతేనా?"

"అంతే సార్."

ఆయన ఫొటోలో కోటు మీద వేలు పెట్టి, తలెత్తి నా వంక చూశారు. మా గదివాళ్ల నల్లకోట్లు ఆయనకి తెలియనివి కావు. నేను నోరు తెరిచాను. ఆయన చెయ్యెత్తారు.

"వినండమ్మా. పెచ్చు అతికించేశాం, బొమ్మ గోడెక్కింది. ఇప్పుడు ఫలానావారని ఇంకో పేరు పైకి రాస్తే మళ్లీ విచారణ, మళ్లీ కాగితాలు. ఈ కెమెరా ఫొటోలో రంగు నమ్మదగింది కాదు, ఆ చెయ్యి ఎవరిదో తేల్చలేం అని రాసివ్వండి. ఆయన రేపట్నుంచి డ్యూటీకి వచ్చేస్తాడు. అందరికీ హాయి."

రాసిచ్చాను. అక్షరాలు ఎంత గుండ్రంగా వచ్చాయో! కింద సంతకం పెట్టాను. బాబాయిని మళ్లీ రమ్మంటూ ఆయన ఉత్తరం టైపు చేయించి, "మీ చేతుల మీదుగానే ఇవ్వండి, సంతోషిస్తాడు," అన్నారు.

తేల్చలేం అన్నది కూడా నిజమే కదా. ఫొటో చూసి తేల్చలేం.

మార్చి 26, బుధవారం

సాయంత్రం వెళ్లాను. మేడ మీద రెండు గదులు. మనవరాలు నేల మీద బోర్లా పడుకుని లెక్కలు చేసుకుంటోంది. పిన్ని మంచినీళ్లిచ్చి వంటింట్లోకి వెళ్లింది. బాబాయి గడ్డం గీసుకోలేదు. మూడు వారాల్లో మనిషి సగమయ్యాడు. "రా అమ్మాయ్," అన్నాడు కానీ ఎవరి మొహానికి ఫొటో అని అడగలేదు.

ఉత్తరం ఇచ్చాను. రెండుసార్లు చదివాడు. దాన్ని మోకాలి మీద పెట్టుకుని సాపు చేశాడు.

"అయితే నేను పోలేదంటావా?"

"ఆ కెమెరాకి రంగులు సరిగ్గా తెలియవు బాబాయ్. ఆ చెయ్యి ఎవరిదో తేల్చలేం అని రాశాం. మీ మీద ఇంకేమీ లేదు."

"తేల్చలేం అంటే? పోయుండొచ్చు, పోకపోయుండొచ్చు, అంతేనా?"

నేను మంచినీళ్ల గ్లాసెత్తి తాగాను.

"ఉద్యోగం సంగతి అలా ఉంచమ్మా. ఎనిమిది నెలలు, పోతే పోయింది. నాకు తెలియాల్సింది ఒకటే. నేను పోయానా, లేదా? పోయి మర్చిపోయుంటే రేపు దీన్ని," అని మనవరాలి వైపు చూపించి గొంతు తగ్గించాడు, "దీన్ని రోడ్డు మీద వదిలేసి వచ్చినా నాకు గుర్తుండదు. అది తేల్చలేరా మీరు?"

తర్వాత ఆయనే అన్నాడు. "నీకు చెబితే నవ్వుతావు. నువ్వొచ్చినట్టు కూడా నాకు గుర్తు. నేను కిటికీ దగ్గర కూచుని ఉన్నాను, నువ్వొచ్చి దీపం జరిపి వెళ్లావు. కళ్లకి కట్టినట్టు గుర్తు తల్లీ. ఫొటోలో చూస్తే నా చొక్కా! అంటే నా బుర్ర నన్ను తప్పించి నీ మీద పెడుతోంది, చూశావా? అమ్మాయి మీద నిందెయ్యడానికి చూస్తోందిరా ఇది అని, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మీ పిన్నికి కూడా."

"మీరు చూసింది నిజమే బాబాయ్," అన్నాను. "వచ్చింది నేనే. ఆ చెయ్యి నాదే. నా నల్లకోటు ఆ కెమెరాకి మెరూన్‌గా పడింది. ఆ సాయంత్రమే నాకు తెలుసు. తెలిసే మెరూన్ అన్నాను."

ఆయన నన్ను చూడలేదు. ముందుకి వంగి కూచున్నాడు. కోప్పడతాడనుకున్నాను.

"ఏ చేత్తో జరిపావు?" అన్నాడు.

"ఆఁ?"

"దీపం. ఏ చేత్తో జరిపావు?"

ఆలోచించాను. "ఎడం చేత్తో."

"ఎడం చెయ్యే. నాకూ ఎడం చెయ్యే గుర్తు." ఆయన ఇంకా ముందుకి జరిగాడు. "కుడి చేతిలో గ్లాసుంది. గాజు గ్లాసు, సగం దాకా టీ. అవునా?"

ఇది మాత్రం నాకు నిజంగానే గుర్తు లేదు. కళ్లు మూసుకున్నాను. దీపం ఇనప కడ్డీ ఎడం చేతిలో వేడిగా ఉంది, కుడి చెయ్యి పైకెత్తి ఉంచాను. ఎందుకెత్తాను? ఒలకకూడదని. అందుకే మోచెయ్యి గోడ వైపు పోయింది.

"అవును బాబాయ్, గ్లాసుంది."

"ఏమేవ్!" అని కేకేశాడు. పిన్ని గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది. "గ్లాసుందే! నాకు గుర్తుంది, ఆ పిల్లకే గుర్తు లేదు! నాకేం కాలేదే, నా బుర్రకేం కాలేదు!" అని పెద్దగా ఏడ్చేశాడు. మనవరాలు పెన్సిలు పడేసి వచ్చి ఆయన మెడ పట్టుకుంది. పిన్నికి ఏమీ అర్థం కాక నా వంకా ఆయన వంకా మార్చి మార్చి చూస్తోంది. ఆవిడకి మళ్లీ మొదట్నుంచీ నేనే చెప్పాను. చెప్పడం అయ్యాక ఆవిడ నా ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది, మళ్లీ బయటికి రాలేదు.

బాబాయి కండువాతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత నా వంక చూశాడు.

"హాల్లోకి టీ తేకూడదు," అన్నాడు. "ముప్పై ఏళ్లలో ఎవర్నీ తేనివ్వలేదు. నిన్ను కూడా ఆపుదామనే లేవబోయాను. పోనీలే, మనమ్మాయే కదా అని కూచున్నాను."

"వెళ్లొస్తాను బాబాయ్," అన్నాను.

ఆయన కింద పడ్డ పెన్సిలు తీసి మనవరాలి చేతిలో పెట్టాడు.

మార్చి 27, గురువారం

పెద్దసారు దగ్గర మొన్నటి కాగితం వెనక్కి తీసుకుని, కొత్తది రాసిచ్చాను. నా పేరు రాశాను. గ్లాసు సంగతి కూడా రాశాను.